కడుపున పుట్టని బిడ్డలకు తండ్రి: పునీత డాన్ బోస్కో

మన మేత్రాసనం నూరేళ్లు నిండించుకొన్న ఈ శుభసమయంలో పెద్దలు పలువురు మన దేవాలయాలను గురించి, బడులను గురించి, ఆసుపత్రులను గురించి ఈ సంచికలో వ్రాస్తున్నారు. మేము మాత్రం ఒక చిన్న మాటను గురించి వ్రాయదలచాము. ఆ మాట 'ఫాదర్'.

గుడి మెట్ల మీద కనబడినా, సంతలో ఎదురైనా, అర్ధరాత్రి అవస్థలో ఉన్న రోగి కొరకు తలుపు తట్టినా మన గురువులను ఆ మాటతోనే పిలుస్తాము. క్రైస్తవులు కానివారు సైతం అలాగే పిలుస్తారు. భార్య లేని, బిడ్డలు లేని ఒక మనిషిని పట్టుకొని ఊరంతా తండ్రీ అని పిలవటంలోని వింతను మనం ఎన్నడూ ఆలోచించలేదు. ఇది కేవలం మర్యాద కొరకు తగిలించిన బిరుదా? లేక ఈ పిలుపు వెనుక నిజమైన పితృత్వం ఏదైనా కలదా?

మన నాట దత్తత క్రొత్త విషయం కాదు. అయితే పూర్వం నుండి మనవాళ్లు దత్తత చేసుకొన్నది ఎక్కువగా వంశం నిలవటానికి, ఆస్తి చెదరకుండా ఉండటానికి, చివరకు తలకొరివి పెట్టేవాడు ఉండాలని. అందువల్ల తమ్ముడి కొడుకునో, మేనల్లుడినో, తెలిసిన గోత్రంవాడినో ఏరి తెచ్చుకొనేవారు. అందులో ప్రేమ లేదని మేము అనము. కాని ఆ బిడ్డ ఇంటికి రాకముందే అతడు ఇవ్వవలసినది ఏమిటో నిర్ణయమై ఉండేది. ఇచ్చేందుకు ఏమీ లేని బిడ్డను, పేరు చెప్పుకొనేందుకు ఊరు కూడా లేని బిడ్డను, రేపు దుప్పటి ఎత్తుకొని పారిపోయినా పారిపోగల బిడ్డను ఎవరైనా కొడుకా అని చేరదీస్తారా? చేరదీసిన ఒక గురువు చరిత్ర ఇది. ఆయన పునీత జాన్ బోస్కో గారు. ఇటలీ దేశంలో గురువులను గౌరవించి పిలిచే మాట 'డాన్'. అందుచేత లోకమంతటా ఆయన డాన్ బోస్కోగా ప్రసిద్ధి చెందారు.

తండ్రి పోయిన ఇల్లు

ఉత్తర ఇటలీలోని పీడ్మాంట్ సీమలో, కాస్తెల్‌నువోవో అనే ఊరికి చేరిన బెక్కీ అనే చిన్న పల్లెలో 1815 ఆగస్టు 16న జాన్ జన్మించాడు. తండ్రి ఫ్రాన్సిస్ కష్టజీవి, సేద్యగాడు. 1817 మే నెలలో ఒకనాడు ఆయన చెమటలతో పొలం నుండి వచ్చి చల్లని నేలమాళిగలోకి దిగాడు. ఆ రాత్రే జ్వరం తగిలింది. కొద్ది రోజులలోనే న్యుమోనియాతో కన్నుమూశాడు. అప్పటికి జాన్‌కు రెండేళ్లు కూడా నిండలేదు. తన జీవితంలో తనకు జ్ఞాపకమున్న మొట్టమొదటి సంగతి అదేనని ఆయన పెద్దయిన తరువాత వ్రాసుకొన్నారు. తల్లి చెయ్యి పట్టుకొని బయటకు రమ్మంటే, తండ్రి కూడా వస్తేనే వస్తానని ఆ పసివాడు మొండికేశాడు. ఇక నీకు తండ్రి లేడని తల్లి ఏడుస్తూ చెప్పింది. ఆ మాటకు అర్థం తెలియక, ఆమె ఏడుస్తున్నది గనుక తానూ ఏడ్చాడు.

తల్లి పేరు మార్గరీతమ్మ. ఆమెకు అప్పుడు 29 ఏళ్లు. ఇంట్లో మంచం పట్టిన అత్తగారు, తన ఇద్దరు కొడుకులు జోసెఫ్, జాన్, వారితోపాటు భర్త మొదటి భార్య కొడుకు అంతోనీ ఉన్నారు. ఆ ఏడే కరవు వచ్చింది. తిండిగింజలు కొందామన్నా దొరకని రోజులవి. అట్టి సమయంలో ఆమెకు ఒక మంచి సంబంధం వచ్చింది. పిల్లలను ఒక సంరక్షకునికి అప్పగిస్తే వారి మంచిచెడ్డలు అతడు చూచుకొంటాడని పెద్దలు నచ్చజెప్పారు. సంరక్షకుడు స్నేహితుడు కాగలడే గాని తల్లి కాలేడని చెప్పి ఆమె ఆ సంబంధం కాదన్నది.

ఇక్కడ మనం ఒక క్షణం ఆగాలి. మార్గరీతమ్మ విడిచిపెట్టనన్నది తాను కన్న ఇద్దరిని మాత్రమే కాదు. అంతోనీ ఆమె కన్నబిడ్డ కాదు. సవతి తల్లి అనగానే మన కథలలో, సామెతలలో ఒకే రకమైన రూపం కనబడుతుంది. ఈమె మాత్రం ముగ్గురికీ ఒకే గంజి పోసింది, ఒకే జపం నేర్పింది. అంతోనీతో వేగటం తేలిక కాలేదు. జాన్ చదువుకొంటానంటే అన్న ఒప్పుకొనలేదు. పొలం పని చేయనివాడికి పుస్తకం ఎందుకన్నాడు. ఇంట్లో నిత్యం జగడమే. చాలామంది ఈ అంతోనీని దుర్మార్గునిగా చిత్రిస్తారు. మాకు అది న్యాయంగా తోచదు. 1808లో పుట్టిన అతడు మూడేళ్లకే తల్లిని, తొమ్మిదేళ్లకే తండ్రిని పోగొట్టుకొన్నాడు. ఆ ఇంట్లో పూర్తిగా అనాథ ఎవరంటే అతడే. చిన్నప్పుడే కాడి భుజాన వేసుకొన్నవాడు. ఆ బాధ కోపమై బయటకు వచ్చింది. ఎంత తిరగబడినా మార్గరీతమ్మ అతడిని ఇంటి నుండి వెళ్లగొట్టలేదు. గొడవ ముదిరినప్పుడు ఆమె గుండె రాయి చేసుకొని బయటకు పంపినది తాను కన్న జాన్‌నే. పన్నెండేళ్ల వయస్సులో, చలికాలంలో, చిన్న మూట చంకన పెట్టుకొని ఆ బిడ్డ పరాయి ఇంట పాలేరుగా చేరాడు.

తాళపుచెవి

కొంతకాలానికి జాన్ తిరిగి వచ్చాడు. ఒకనాడు ప్రక్క ఊరి ప్రసంగాలు విని జనంతో కలిసి నడిచి వస్తుండగా కలోస్సో అనే ముసలి గురువు ఈ చింపిరి జుట్టు కుర్రవాడిని పలకరించారు. ప్రసంగంలో ఏమి విన్నావని అడిగితే జాన్ మొదటి నుండి చివరి వరకు అప్పజెప్పాడు. ఆ వృద్ధుడు ఆశ్చర్యపడి, లాటిను భాష తానే నేర్పుతానన్నారు. అన్న పోరు పడలేక జాన్ చివరకు ఆయన ఇంటనే ఉండసాగాడు.

తండ్రి ప్రేమ ఎట్లుంటుందో జాన్‌కు తెలిసినది అప్పుడే. తన మనస్సులోని ప్రతి మాటా ఆయనతో చెప్పుకొనేవాడు. కన్నతండ్రి కన్న మిన్నగా ఆయనను ప్రేమించానని తరువాత వ్రాసుకొన్నారు. అయితే ఆ సుఖం ఎక్కువ కాలం నిలువలేదు. 1830 నవంబరులో కలోస్సో గారికి పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. ఆయన తన డబ్బు పెట్టె తాళపుచెవిని జాన్ చేతిలో పెట్టి, అందులోనిది నీదే, మరెవ్వరికీ ఇవ్వవద్దని సైగలతో తెలిపి కన్నుమూశారు.

వారసులు వచ్చారు. రక్తసంబంధం వారిది. చట్టం వారి పక్షం. జాన్ దగ్గర ఉన్నది సైగ మాత్రమే. అతడు వాదించలేదు. తాళపుచెవిని వారి చేతికి ఇచ్చివేశాడు. పదిహేనేళ్ల వాడు రెండవసారి తండ్రి లేనివాడయ్యాడు.

ఆస్తి బంధువులకు పోయినది నిజమే. అయితే ఆ ముసలి గురువు నుండి జాన్‌కు దక్కిన వారసత్వం మరొకటి ఉన్నది. రోడ్డున పోయే బీద కుర్రవాడిని చూచి నిలబడి, నీ పేరేమిటి బాబూ అని అడగగల గురువు ఎట్లుంటాడో అతడు చూచాడు. ఆనాటి గురువులలో చాలామంది పిల్లలకు అందనంత దూరంలో ఉండేవారు. తాను గురువైతే అట్లా ఉండనని చిన్ననాడే నిశ్చయించుకొన్నాడు.

చెరసాలలో కనబడిన పిల్లలు

కియేరి పట్టణంలో దర్జీ పని, చెప్పులు కుట్టే పని, కాఫీ కొట్టులో చాకిరీ చేస్తూ చదువుకొని, సెమినరీలో చేరి, 1841 జూన్ 5న ట్యూరిన్ నగరంలో జాన్ బోస్కో గారు గురుపట్టం పొందారు. ఆ కాలపు ట్యూరిన్‌కు పల్లెల నుండి పిల్లలు గుంపులు గుంపులుగా వచ్చేవారు. తాపీపనివారి వద్ద సున్నం మోసేవారు, పొగగొట్టాలు తుడిచేవారు, రాత్రుళ్లు ఎక్కడో ఒకచోట పడుకొనేవారు. డాన్ బోస్కో గారి ఆత్మీయ గురువు పునీత జోసెఫ్ కఫాస్సో గారు ఆయనను చెరసాలలకు తీసుకొని వెళ్లారు. అక్కడ పన్నెండు నుండి పద్దెనిమిదేళ్ల లోపు కుర్రవాళ్లు పురుగులు పట్టిన రొట్టె తింటూ కనిపించారు. వారిలో పలువురు విడుదలైన కొద్ది రోజులకే తిరిగి లోపలికి వస్తున్నారు. బయట వారి కొరకు ఎదురుచూచే మనిషి ఒక్కడూ లేకపోవటమే ఇందుకు కారణమని డాన్ బోస్కో గారు గ్రహించారు. చెరసాల గుమ్మం బయట ఒక స్నేహితుడు ఉండినట్లయితే ఈ పిల్లలు మరల ఇక్కడకు రారు కదా అనుకొన్నారు.

1841 డిసెంబరు 8, నిష్కళంక మాత పండుగ. అస్సీసి పునీత ఫ్రాన్సిస్ గారి దేవాలయంలో, పూజా వస్త్రాలు ధరించే గదిలో ఆయన పూజకు సిద్ధమవుతున్నారు. చలికి లోపలికి వచ్చిన ఒక కుర్రవాడిని గుడి నౌకరు పూజలో సహాయం చేయమన్నాడు. రాదని అతడు చెప్పగానే దుమ్ము దులిపే కర్రతో కొట్టి తరిమాడు. డాన్ బోస్కో గారు ఆ నౌకరును మందలించి, ఆ కుర్రవాడు నా స్నేహితుడు, వెంటనే పిలువమన్నారు. అప్పటికి వారిద్దరికీ ముఖపరిచయం కూడా లేదు. పూజ అయిన తరువాత ప్రేమతో మాట్లాడితే తెలిసింది. పేరు బర్తొలోమియో గరెల్లి, వయస్సు పదహారు, తాపీపనిలో కూలి, తల్లి లేదు, తండ్రి లేడు, చదువు రాదు, జపాలు రావు. ఈల వేయటం వచ్చునా అని డాన్ బోస్కో గారు అడిగితే అతడు నవ్వాడు. ఆ నవ్వుతో భయం పోయింది. సిలువ గుర్తుతో, ఒక మంగళవార్త జపంతో జ్ఞానోపదేశం మొదలయ్యింది. తరువాతి ఆదివారం అతడు తన స్నేహితులను వెంటబెట్టుకొని వచ్చాడు.

ఆ గుంపు పెరిగి వందలయింది. అంతమంది అల్లరి భరించలేక వారిని ఒక చోటు నుండి మరొక చోటుకు సాగనంపారు. శ్మశానపు గుడి నుండి, పిండిమరల ఆవరణ నుండి, చివరకు పచ్చికబయలు నుండి కూడా వెళ్లిపొమ్మన్నారు. డాన్ బోస్కో గారికి మతి చలించినదని కొందరు తోటి గురువులే అనుకొన్నారు. 1846 ఏప్రిల్ 12, పునరుత్థాన పండుగనాడు వాల్దొక్కో అనే చోట పినార్ది అనే ఆయన కొట్టం అద్దెకు దొరికింది. కప్పు తలకు తగిలేటంత క్రిందికి ఉంటే, నేలను తవ్వి గుడిగా మార్చుకొన్నారు.

ఆ ఏడు జూలైలో విపరీతమైన శ్రమ వలన ఆయనకు ప్రాణాంతకమైన జబ్బు చేసింది. వైద్యులు ఆశ వదలుకొన్నారు. అప్పుడు ఆ తాపీ కూలి పిల్లలు, పగలంతా ఎండలో ఇటుకలు మోస్తూ, ఉపవాసాలు ఉండి, రాత్రుళ్లు వంతులవారీగా మరియమాత పీఠం ముందు మోకరించారు. ఆయన బ్రతికారు. తన ప్రాణం వారు ఇచ్చినదే గనుక ఇక మీదట అది వారి కొరకే ఖర్చవుతుందని ఆయన వారికి మాట ఇచ్చారు. కన్నబిడ్డలు తండ్రికి ఇంతకంటె ఏమి చేయగలరు?

వంటయింట్లో పడక

జబ్బు నుండి లేచిన తరువాత ఆయన బెక్కీకి వెళ్లి తల్లిని తనతో రమ్మని అడిగారు. మార్గరీతమ్మకు అప్పుడు 58 ఏళ్లు. పెద్దకొడుకు జోసెఫ్ ఇంట మనుమలతో హాయిగా ఉన్నది. అది దేవుని చిత్తమైతే వస్తానన్నది. 1846 నవంబరు 3న తల్లీ కొడుకులు కాలినడకన ట్యూరిన్ చేరారు. ఆమె తన పెండ్లినాటి నగ అమ్మింది. పెండ్లి బట్టలు పూజా వస్త్రాలుగా మారాయి.

మొదట చేరదీసిన పిల్లల సంగతి చెప్పకపోతే ఈ చరిత్ర నిజం కాదు. దిక్కులేని కొందరు కుర్రవాళ్లకు గడ్డివాములో చోటిచ్చి, దుప్పట్లు ఇచ్చి, పొద్దున్న వెళ్లి చూస్తే పిల్లలూ లేరు, దుప్పట్లూ లేవు. మనలో ఎవరమైనా ఆనాటితో చేతులు దులుపుకొని ఉండేవారం. 1847 మే నెలలో, వానలో ముద్దగా తడిసి, పదిహేనేళ్ల కుర్రవాడు రాత్రివేళ తలుపు తట్టాడు. వల్సేసియా అనే కొండసీమ నుండి పని వెదుకుతూ వచ్చాడు. తెచ్చుకొన్న కాస్త డబ్బు అయిపోయింది. అనాథ. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి వేడి చారు, రొట్టె పెట్టారు. ఆ తరువాత పడక ఎక్కడ? మునుపటి అనుభవం మార్గరీతమ్మ మరచిపోలేదు. అయినా తల్లీ కొడుకులు బయట నుండి ఇటుకలు తెచ్చి పేర్చి, వాటిపై పలకలు పరచి, డాన్ బోస్కో గారి పరుపు వేసి, వంటయింట్లోనే పడక సిద్ధం చేశారు. పడుకోబోయే ముందు ఆమె ఆ బిడ్డకు నాలుగు మంచి మాటలు చెప్పి, జపం చెప్పించింది. నేటికీ సలేషియన్ సంస్థలలో రాత్రి పడుకోబోయే ముందు పిల్లలకు చెప్పే మంచిమాటకు నాంది ఆ రాత్రే.

ఆ పడకతోనే ఆయన ఇల్లు మొదలయ్యింది. మార్గరీతమ్మను అందరూ 'అమ్మ' అనేవారు. ఆమెకూ ఓపిక నశించిన రోజు ఒకటి వచ్చింది. యుద్ధం ఆట ఆడుతూ పిల్లలు ఆమె కూరగాయల మడులు తొక్కి పాడుచేశారు. ఉతికి ఆరేసిన బట్టలు మట్టిపాలు, కుండలు పగులు. తాను ముసలిదాన్నయ్యాను, ఇక బెక్కీకి పంపించివేయమని కొడుకుతో చెప్పింది. కొడుకు బదులు చెప్పలేదు. గోడకు వేలాడుతున్న పాటుపడిన స్వరూపం వైపు చూపించారు. ఆమె ఆ వైపు చూచి, నీవు చెప్పినది నిజమేనని కొంగు బిగించుకొని తిరిగి పనిలోకి వెళ్లింది. 1856 నవంబరు 25న చనిపోయేవరకు ఇంటికి పోతానన్న మాట మరల ఆమె నోట రాలేదు. 2006లో శ్రీసభ ఆమె సుగుణాలను గుర్తించి పూజ్యురాలిగా ప్రకటించింది.

కాగితం మీద సంతకం

ప్రేమ అంటే అన్నం పెట్టి జోకొట్టటం మాత్రమే అయితే డాన్ బోస్కో గారి పేరు ఇంత నిలిచేది కాదు. కొడుకు పనిలో చేరితే యజమాని ఎట్టివాడో, కూలి సరిగా ఇస్తున్నాడో లేదో కనుక్కొనేది తండ్రి. ఆ కాలంలో పని నేర్చుకొనే పిల్లలను యజమానులు కొట్టేవారు, ఇంటి చాకిరీకి వాడుకొనేవారు, ఆదివారం కూడా పని చేయించేవారు. డాన్ బోస్కో గారు యజమానులతో ఒప్పందాలు వ్రాయించటం మొదలుపెట్టారు. 1852 ఫిబ్రవరి 8న జోసెఫ్ ఒడాస్సో అనే కుర్రవాని కొరకు ఒక వడ్రంగితో వ్రాయించిన ఒప్పందం నేటికీ భద్రంగా ఉన్నది. పని నేర్పాలి, వృత్తికి సంబంధం లేని చాకిరీ చేయించరాదు, తప్పు చేస్తే మాటతో దిద్దాలే గాని చెయ్యి చేసుకొనరాదు, పండుగ దినాలలో విశ్రాంతి ఇవ్వాలి. ఇవి అందులోని షరతులు. ఆ కుర్రవాడికి కన్నతండ్రి ఉన్నాడు, ఆయనా సంతకం చేశాడు. ప్రక్కనే డాన్ బోస్కో గారి సంతకం ఉన్నది. కన్నతండ్రిని ప్రక్కకు నెట్టకుండా, ఆయనకు తోడుగా నిలబడిన తండ్రి ఈయన.

1853లో తమ ఇంటనే చెప్పుల పని, దర్జీ పని నేర్పే శాలలు పెట్టారు. క్రమంగా పుస్తకాల అట్టలు కట్టటం, వడ్రంగం, అచ్చుపని, కమ్మరం చేరాయి. తాను చిన్ననాడు పొట్టకూటికి నేర్చిన విద్యలు ఇప్పుడు బిడ్డలకు అక్కరకు వచ్చాయి. 1854లో ట్యూరిన్‌లో కలరా చెలరేగినప్పుడు పెద్దలే భయపడి పారిపోతుండగా, ఆయన పెద్దపిల్లలు రోగుల ఇళ్లకు వెళ్లి సేవ చేశారు. నిన్నటి వరకు దిక్కులేనివారు ఇప్పుడు ఇతరులకు దిక్కయ్యారు.

బిడ్డలు

వారిలో కొందరిని తలచుకొందాం. మైకేల్ రువాకు ఎనిమిదేళ్లకే తండ్రి పోయాడు. ఒకనాడు డాన్ బోస్కో గారు తన ఎడమచేతిని కుడిచేతితో సగానికి కోసినట్లు చూపి ఆ బాలునికి ఇవ్వబోయారు. అప్పుడు అర్థం కాలేదు. ఇకమీదట మనమిద్దరం అన్నింటిలో చెరిసగం అని దాని భావమని తరువాత తెలిసింది. ఆ మైకేలే 1888లో ఆయన స్థానంలోకి వచ్చారు. 1972లో ధన్యులుగా ప్రకటింపబడ్డారు. జాన్ కల్యేరో కూడా తండ్రిలేని బాలుడే. 1875లో అర్జెంటీనాకు బయలుదేరిన తొలి మిషనరీ బృందానికి నాయకుడయ్యాడు, 1884లో బిషప్పు, 1915లో కార్డినల్ అయ్యారు. మైకేల్ మగోనె అనేవాడు ఒక రైలుస్టేషనులో అల్లరిమూకకు నాయకునిగా డాన్ బోస్కో గారికి కనబడ్డాడు. వాడికీ తండ్రి లేడు. ఆయన ఇంటికి వచ్చి మారి, పదమూడేళ్లకే 1859లో చనిపోయాడు. కొడుకు పోతే తండ్రి ఎట్లా మరువలేడో అట్లాగే డాన్ బోస్కో గారు కూర్చుండి ఆ బాలుని జీవితచరిత్ర వ్రాశారు.

అందరూ గొప్పవారు కాలేదు. ఉండలేక వెళ్లిపోయినవారు, మేలు మరచినవారు ఉన్నారు. ఏ తండ్రికైనా తప్పని బాధ అది.

1859 డిసెంబరు 18న ఆయన గదిలో కొద్దిమంది కూడి సలేషియన్ సభను స్థాపించారు. వారిలో అధికభాగం ఆయన చేతులలో పెరిగిన కుర్రవాళ్లే. బాలికల కొరకు 1872లో పునీత మరియ మజ్జరెల్లో గారితో కలిసి కన్యాస్త్రీల సభను నెలకొల్పారు. బుద్ధికి నచ్చజెప్పటం, దైవభక్తి, ప్రేమతో కూడిన నడత అనే మూడింటి మీద తన విద్యావిధానం నిలుస్తుందని 1877లో వ్రాశారు. 1884 మే నెలలో రోమునగరం నుండి తన ఇంటివారికి వ్రాసిన ఉత్తరంలో ముఖ్యమైన సంగతి ఒకటున్నది. పిల్లలను మనం ప్రేమిస్తే సరిపోదట. తాము ప్రేమింపబడుతున్నామని పిల్లలకు తెలియాలట. మనలో ఎందరు కన్నతండ్రులం ఈ పరీక్షలో నెగ్గగలం?

1888 జనవరి 31 తెల్లవారుజామున, తన 72వ ఏట, ఆయన కన్నుమూశారు. పరలోకంలో వారందరి కొరకు ఎదురుచూస్తుంటానని పిల్లలకు చెప్పమన్నారు. చిన్ననాడు తండ్రి శవం ప్రక్క నుండి కదలనన్న పసివాడు, తన బిడ్డలను మాత్రం ఎదురుచూపు లేనివారిగా విడిచిపోలేదు. 1934 ఏప్రిల్ 1న, పునరుత్థాన పండుగనాడు, 11వ పయస్ పోపు గారు ఆయనను పునీతునిగా ప్రకటించారు. 1989లో పునీత 2వ జాన్ పాల్ పోపు గారు ఆయనకు యువతకు తండ్రి, బోధకుడు అన్న బిరుదును ఒసగారు.

మన ఇంటి సంగతి

డాన్ బోస్కో గారు చట్టప్రకారం ఎవరినీ దత్తత చేసుకొనలేదు. అయినా ఆయన చేసినది మన విశ్వాసానికి పునాది అయిన సత్యమే. జ్ఞానస్నానం వలన మనమందరం తండ్రియైన దేవుని దత్తబిడ్డలమయ్యామని పునీత పౌలు గారు రోమీయులకు, గలతీయులకు వ్రాశారు. దేవునికి ఇచ్చేందుకు మన చేతిలో ఏమీ లేనప్పుడే ఆయన మనలను చేరదీశారు. ఆ లెక్కన శ్రీసభలో దత్తబిడ్డ కానివారు ఎవరున్నారు? యేసుబాలునికి పేరు పెట్టి, వడ్రంగి పని నేర్పి, ఐగుప్తు దారిలో కాపాడిన పునీత జోజప్ప గారు రక్తసంబంధం లేని తండ్రే కదా. బిడ్డ బాధ్యత ఎత్తుకొన్నప్పుడే మనిషి తండ్రి అవుతాడని 2020లో ఫ్రాన్సిస్ పోపు గారు జోజప్ప గారిని గురించి వ్రాసిన లేఖలో బోధించారు.

మన దేశంలో చాలాకాలం క్రైస్తవులకు పూర్తి దత్తత హక్కు సులభంగా లేదు. 1956 నాటి హిందూ దత్తత చట్టం మనకు వర్తించదు. 1890 నాటి చట్టం క్రింద సంరక్షకులుగా మాత్రమే ఉండగలిగేవారు. మార్గరీతమ్మ ఒప్పుకొననిది ఆ సంరక్షకుని మాటే అని పాఠకులు గుర్తు తెచ్చుకొందురు గాక. 2000లో వచ్చిన బాలల న్యాయ చట్టం, దాని 2006 సవరణ, తరువాత 2015 చట్టం వలన ఏ మతం వారైనా బిడ్డను దత్తత చేసుకొని, కన్నబిడ్డతో సమానమైన హక్కులు ఇవ్వగలుగుతున్నారు. ఇప్పుడు మనకు చట్టం అడ్డు కాదు. దళారుల ద్వారా, చాటుమాటుగా కాక, ప్రభుత్వం నియమించిన మార్గంలోనే వెళ్లాలన్నది మాత్రం మరువరాదు.

అందరం దత్తత చేసుకొనలేము. కాని మన విచారణలలో డాన్ బోస్కో గారి పని మిగిలే ఉన్నది. అన్న చనిపోతే అన్న పిల్లలకు ఫీజులు కడుతున్న తమ్ముళ్లు ఉన్నారు. భర్త మొదటి భార్య బిడ్డకు ముందు వడ్డించి, తన బిడ్డకు తరువాత వడ్డిస్తున్న తల్లులు ఉన్నారు. వీరిని సంఘం మెచ్చుకొనదు, గుర్తించదు. పైగా ఎవరి బిడ్డకో ఎందుకీ పాట్లని ఎత్తిపొడుస్తుంది. ఆ ఎత్తిపొడుపు మానటం మన చేతిలో పని. జ్ఞాన తల్లిదండ్రులుగా పీఠం ముందు నిలబడి మాట ఇచ్చినవారం, పండుగకు గొలుసో గౌనో పెట్టి ఊరుకొన్నాము. ఆ బిడ్డ ఇప్పుడు ఏ తరగతి చదువుతున్నాడో మనకు తెలుసునా? విజయవాడలో 1989 నుండి నవజీవన్ బాలభవన్‌లో సలేషియన్ గురువులు దిక్కులేని పిల్లలను చేరదీస్తున్నారు. వారికి పండుగనాడు అన్నం పంపటం మంచిదే. ఏడాదికొకసారి వెళ్లి ఆ పిల్లల పేర్లు అడిగి తెలుసుకొనటం ఇంకా మంచిది.

శతాబ్ది పండుగకు గోడలకు సున్నం వేశాము, గంటలు మోగించాము. ఈసారి గుడి బయట చెప్పుల దగ్గర నిలబడిన కుర్రవాడు కనబడితే తరుమవద్దు. నీ పేరేమిటి బాబూ అని అడుగుదాం. ఒకనాడు బర్తొలోమియోను అడిగినది అంతే. మన గురువులను 'ఫాదర్' అని పిలిచినప్పుడల్లా, ఆ పిలుపులో మన వంతు కూడా కొంత ఉన్నదని జ్ఞాపకం చేసుకొందాం. పునీత జోజప్ప గారు, పునీత డాన్ బోస్కో గారు మన కొరకు ప్రార్థింతురు గాక.